సర్కారు లక్క

7 ఫిబ్రవరి 1961, కరీంనగర్

నూనె కేసు కొట్టేశారు. పల్లినూనెలో వేరే నూనె కలిపాడని కిరాణా కైలాసం మీద నేను పెట్టిన కేసు. పంచనామాలో సాక్షి సంతకం కింద తారీకు లేదట. "ఇన్‌స్పెక్టరు గారూ, తారీకు వేయడం కూడా కోర్టే నేర్పాలా?" అన్నారు మేజిస్ట్రేటు గారు. వరండాలో అందరూ నవ్వారు. కైలాసం ఒక్కడు నవ్వలేదు. దగ్గరికొచ్చి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, గివన్ని అయితుంటయి, పోతుంటయి" అని నన్నే ఓదార్చాడు. దానికన్నా చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది.

జానకితో చెప్పలేదు. సాయంత్రం కూరగాయలకు వెళ్లి ఆమే తెలుసుకుని వచ్చింది. పాపం, కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

22 ఫిబ్రవరి

నెలకు ఎనిమిది నమూనాలు తీయాలని పైనుంచి తాఖీదు. మూడే అయ్యాయి. ఇవాళ కైలాసం దుకాణానికే వెళ్లాను, భయపడ్డానని ఎవరూ అనుకోకూడదని. నూనె జోలికి మాత్రం పోలేదు. పాలపొడి డబ్బా తీయించాను. ఓడలో బొంబాయికి వచ్చి, అక్కడి నుంచి హైదరాబాదు మీదుగా ఇక్కడికి చేరిన సరుకు. నీలం డబ్బా, మీద ఆవు బొమ్మ. ఇందులో కల్తీ ఉండదని అందరికీ తెలుసు. కల్తీ లేకపోతే కేసు లేదు, కేసు లేకపోతే కోర్టు లేదు. నాలుగో నమూనా అవుతుంది, అంతే.

పొడిని మూడు సీసాల్లో సమంగా పోసి, బిరడాలు బిగించి, కాగితం చుట్టి, దారం కట్టి, ముడి మీద లక్క కరిగించి ఇత్తడి ముద్ర వేశాను. ఒక సీసా హైదరాబాదు లాబొరేటరీకి, ఒకటి నా బీరువాలోకి, ఒకటి చట్టప్రకారం అమ్మేవాడికే. ఈసారి సాక్షి చేత తారీకు వేయించి రెండుసార్లు చూసుకున్నాను. లక్క కరుగుతుంటే చూడడానికి జనం గుమిగూడారు. వాళ్లకు అదో సరదా. నాకూ సరదానే, అబద్ధమెందుకు. ఖాకీ కోటు, టోపీ పెట్టుకుని అందరి ముందూ ముద్ర అదుముతుంటే కోర్టు వరండాలో నవ్వులు కాస్త వెనక్కి పోయాయి.

లేబుల్ పూర్తిగా చదివాను. తయారుచేసిన వారి పేరు, దేశం, బరువు, వెన్న తీసిన పాలపొడి అన్న మాట, దాని కింద పసిపిల్లలకు పనికిరాదన్న హెచ్చరిక. అన్నీ ఇంగ్లీషులో, చట్టం చెప్పినంత సైజు అక్షరాల్లో ఉన్నాయి. లోపం లేదు.

ఎవరో పల్లెటూరి ఆమె డబ్బా గురించి ఏదో అడిగింది. కైలాసం జవాబు చెప్పాడు.

20 ఏప్రిల్

హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది. పాలపొడి నమూనా శుద్ధం.

చెబుదామని దుకాణానికి వెళితే ఒక వింత చూశాను. నేనిచ్చిన సీసాను కైలాసం లక్ష్మీదేవి పటం పక్కన పెట్టాడు. లక్కముద్ర ఇటువైపు తిప్పి, దానికో కుంకుమ బొట్టు. పాలపొడి అడిగిన వాళ్లకు వేలితో చూపించి, "సర్కారు లక్క ఏసిన మాలు" అంటున్నాడు. జనం తలలూపి కొంటున్నారు. అనుమానం మీద నమూనా తీస్తామని, అది మెచ్చుకుని ఇచ్చే బహుమానం కాదని వాడికి చెప్పాలి. చెప్పాలనే లోపలికి అడుగుపెట్టాను. చాయ్ తెప్పించాడు. తాగుతూ చూశాను. ఈ ఊళ్లో నా పని అంత ఎత్తున, అంత గౌరవంగా ఎవరూ పెట్టలేదు.

వచ్చేవారం చెబుతాను.

27 ఏప్రిల్

చెప్పలేదు. దుకాణంలో రద్దీగా ఉంది.

18 జూలై

పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ సరళాదేవి గారు కబురు పంపారు. ఉక్కపోతగా ఉంటే కోటు, టోపీ ఆఫీసులో వదిలి చొక్కాతోనే వెళ్లాను.

పిల్లల వార్డులో చివరి మంచం. యాదవ్వ, చొప్పదండి. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఒడిలో తొమ్మిది నెలల ఆడపిల్ల, పేరు బాలలక్ష్మి. కిటికీ తెరిస్తే చాలు, పిల్ల ముఖం తిప్పి తల్లి కొంగులో దూరుతోంది. ఎడమ కంటి నల్లగుడ్డు తెల్లబడి మెత్తబడిపోయింది. కుడికన్ను తడి లేకుండా ఉంది.

డాక్టరమ్మ మంచం కింద నుంచి నీలం డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. "ఐదు నెలల నుంచి పిల్లకు ఇదొక్కటే ఆహారం. వెన్నతోపాటు కంటికి కావాల్సిన సత్తువ గూడ తీసేసిన్రు ఇందుల. ఎడమ కన్ను పోయింది. కుడిదానికి మందు ఇస్తున్న, నాలుగు రోజులు చూడాలె. మీరు ఫుడ్ ఇన్‌స్పెక్టరు గదా, గీ డబ్బా మీద ఏం రాసిందో మీకు తెలుసు. ఆమెకెట్ల తెలుస్తది?"

యాదవ్వ నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. "నాకు చలిజరం అచ్చి పాలు ఎండిపోయినయి సారూ. మా బర్రె ఒట్టిపోయింది. మా ఆయన బెల్లంపల్లి బొగ్గుబాయిల పనిచేస్తడు. ఆయన పంపిన పైసలతోని డబ్బపాలు కొనుక్కచ్చి పోసిన. నీళ్లు మరగబెట్టే పోసిన. ఒక్కనాడు గూడ గంజి పొయ్యలే."

"ఇవి పొయ్యమని ఎవలు చెప్పిన్రు?" అని డాక్టరమ్మ అడిగారు.

"దుకాణంల లక్క ఏసిన సీస ఉండె, సర్కారుది. ఆడ టోపి పెట్టుకున్న సారు గూడ ఒకాయన ఉండె. గాయిన్నే అడిగిన. మంచిదే, తీస్కపొమ్మన్నడు."

ఆమె నన్ను గుర్తుపట్టలేదు. వివరాలు కనుక్కుంటానని చెప్పి వచ్చేశాను.

కైలాసం గుమాస్తా కూడా టోపీ పెట్టుకుంటాడు. వాడే అయి ఉంటాడు.

19 జూలై

గుమాస్తా టోపీ పెట్టుకోడు. తలకు రుమాలు చుట్టుకుంటాడు. నాకు తెలుసు.

నేనే.

ఫిబ్రవరి 22వ తారీకు పేజీ తిరగేసి చూశాను. కైలాసం జవాబు చెప్పాడని రాసుకున్నాను. నా కోసమే రాసుకునే పుస్తకంలో నాకే అబద్ధం చెప్పుకున్నాను. కోర్టులో అయితే దీన్ని ఏమనాలో తెలుసు, ఇంట్లో కూర్చుని చేస్తే ఏమంటారో తెలియదు.

జరిగింది ఇది. ముద్ర వేసి చేతులు తుడుచుకుంటుంటే ఒకామె ముందుకు వచ్చి, "సారూ, గిది మంచిదేనా?" అంది. నేను, "మంచిదే, తీస్కపో" అన్నాను. చాయ్‌లోకి కొంటోంది అనుకున్నాను.

20 జూలై

చాయ్ కోసం అనుకోలేదు.

ఆమె చంకలో పిల్ల ఉంది. కొత్త కుచ్చుటోపీ, బుగ్గన కాటుక చుక్క. పిల్ల చెయ్యి చాపి డబ్బా మీది ఆవు బొమ్మను తడిమింది. జనంలో ఎవరో, "బిడ్డకు నచ్చిందే" అన్నారు. నేనూ నవ్వాను. అప్పటికి పది నిమిషాల ముందే ఆ హెచ్చరిక చదివాను. చదివి, దాని సైజు సరిపోయిందో లేదో చూశాను. ఆమె అడిగినప్పుడు అది గుర్తు రాలేదని రాయబోయాను. వచ్చింది. కానీ పిల్లకు పొయ్యొద్దు అంటే కైలాసం ఎందుకని అడుగుతాడు, జనం అడుగుతారు, ఇందాక చదివి లోపం లేదన్నావు కదా అంటారు, మళ్లీ నవ్వుతారు. మంచిదే అంటే ఎవరూ ఏమీ అడగరు.

రెండు మాటలు. నోరు తెరిచి మూసేంత సేపు.

ఇవాళ అన్నం సహించలేదు. ఒంట్లో బాగాలేదా అని జానకి నుదురు పట్టుకుని చూసింది. జ్వరం ఉంటే బాగుండును.

21 జూలై

కైలాసం దుకాణానికి వెళ్లి సీసా కిందికి దించమన్నాను. విషయం చెప్పాను. వాడి ముఖం పాలిపోయింది.

"మీరు మంచిదంటెనే నేను అందరికి మంచిదని చెప్పిన సార్. నాకు ఇంగ్లీష్ రాదాయె. గా సర్కారు బడిల నేను ఉర్దూల నాలుగు జమాతులు సదివిన. అండ్ల ఏం రాసి ఉన్నదో మీరొక్క మాట చెప్పకపోతిరి?"

నేనూ ఉర్దూ బడిలోనే చదివాను. తరువాత ఇంగ్లీషు నేర్చుకుని ఉద్యోగం సంపాదించాను. వాడిని పట్టుకుని కసిరాను, అరిచాను, ఆ ముద్రను దేవుడి పక్కన పెట్టడానికి నీకు సిగ్గులేదా అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు. మూడు నెలల కింద అదే సీసా చూస్తూ వాడి చాయ్ తాగిన మనిషిని నేను.

24 జూలై

కుడికన్ను దక్కింది. డాక్టరమ్మ దీపం అటూ ఇటూ కదిలిస్తే పిల్ల దానివైపు చూసింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను.

యాదవ్వ అత్త లింగవ్వ వచ్చింది. కొండగట్టు గుడిలో ఇచ్చిన దారం పిల్ల చేతికి కట్టి, ఆ చేత్తోనే కోడలి నెత్తిన మొట్టింది. "ఇంట్ల మేకపాలు ఉండంగ ఈమెకు డబ్బపాలు కావాల్సచ్చినయి. షోకులు! నా మనుమరాలి కన్ను తీసింది." 

29 జూలై

జిల్లా ఆరోగ్యాధికారికి రిపోర్టు ఇచ్చాను. మూడు పేజీలు. చివరి పేరాలో, ఆ డబ్బా కొనమని చెప్పింది నేనేనని, హెచ్చరిక చదివి కూడా చెప్పానని రాశాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఏమయ్యా, లేబుల్ ఉన్నదా? ఉన్నది. చట్టం చెప్పిన భాషల ఉన్నదా? ఉన్నది. మాలు శుద్ధమేనా? శుద్ధమే. మరి గీ ఆఖరి పేరా ఎందుకు? నువ్వు సంతకం పెట్టి పంపితే నీ నౌకరి పోతది, నా జవాబు నేను చెప్పుకోవాలె. గా పిల్లకు కన్నయితే రాదు గద?"

ఆలోచించుకుని రమ్మన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పది నిమిషాలు కూడా కూర్చోలేదు. మూడో పేజీ తిరగరాసి ఇచ్చాను. ఇప్పుడు రిపోర్టు రెండున్నర పేజీలే. చక్కగా ఉంది. తారీకు కూడా వేశాను.

30 జూలై

పిరికివాడా.

6 ఆగస్టు

ఆ పాలపొడి ఎవరెవరు కొన్నారో కైలాసం గుర్తు చేసుకుని చెప్పాడు. చిల్లర అమ్మకాలకు ఎక్కడా రాసి ఉండదు, అంతా వాడి నోట్లోనే. మిగిలిన డబ్బాల మీద నా చేత్తో తెలుగులో చీటీలు రాసి అంటించాను. పసిపిల్లలకు పొయ్యొద్దు. అక్షరాలు పెద్దగా, నల్ల సిరాతో. ఒక చీటీ రాయడానికి అర నిమిషం పట్టింది. చదవలేని వాళ్లకు చెప్పి మరీ అమ్మాలన్నాను. "మీరు చెప్పకున్నా చెప్త సార్" అన్నాడు కైలాసం. అమ్మను అని మాత్రం అనలేదు.

సెలవు పెట్టి ఊళ్లు తిరుగుతున్నాను. సెలవు ఎందుకని జానకి అడిగితే సర్వే అన్నాను.

17 ఆగస్టు

మంథనిలో ఒక ఇల్లు దొరికింది. హనుమండ్లు అనే రైతు. ఏడు నెలల మనవడికి మూడు నెలల నుంచి ఇవే పాలు. పిల్లవాడు కళ్లు చికిలిస్తున్నాడు. సాయంత్రమైతే తల్లి ఎదురుగా ఉన్నా వెతుక్కుంటున్నాడట. నేనే పెద్దపల్లి బస్సెక్కించి కరీంనగర్ తీసుకొచ్చి డాక్టరమ్మకు అప్పగించాను. దారి పొడుగునా హనుమండ్లు, "దేవుని తీర్గ అచ్చినవు సారూ" అంటూనే ఉన్నాడు. వద్దు అనలేదు నేను. విన్నాను. వినడానికి హాయిగా కూడా ఉంది.

ఒక పిల్ల కన్ను పోయింది, ఒక పిల్లవాడి రెండు కళ్లు దక్కాయి అని బస్సులోనే అనుకున్నాను. ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటుంటే అసహ్యం వేసింది.

26 ఆగస్టు

మంథని పిల్లవాడు బాగయ్యాడు. డాక్టరమ్మ నన్ను మెచ్చుకున్నారు. మాటల్లో మాటగా యాదవ్వ సంగతి చెప్పారు. పెనిమిటి కొమురెల్లి బెల్లంపల్లి నుంచి వచ్చాడట. ఆమెను పుట్టింటికి పంపి, పిల్లను లింగవ్వ దగ్గరే ఉంచుకుంటారట. మందు కోసం వచ్చిన యాదవ్వ ఏడ్చి పోయిందట.

"పోస్తే పోసింది గని, ఎవలో సారు చెప్పిండని అబద్ధం ఆడుతున్నదని కొడుతున్నరంట. గా టోపి సారు ఎవలో మీకేమన్న తెలిసిందా?"

తెలియలేదు అన్నాను.

ఇంటికి నడిచి వస్తూ దారిలో రెండుసార్లు ఆగాను. ఆసుపత్రి ఇంకా కనిపిస్తూనే ఉంది. తిరిగి వెళ్లలేదు.

1 సెప్టెంబరు

ఇవాళ వెళ్లాలి అనుకున్నాను. వాన.

2 సెప్టెంబరు

వాన లేదు. వెళ్లలేదు.

జానకితో అంతా చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి విన్నది. తిడుతుందేమో, లేకపోతే నీ తప్పేముంది అంటుందేమో అనుకున్నాను. రెండూ అనలేదు. "ఆమెను ఎన్నడు పంపిస్తరట?" అంది.

తెలియదన్నాను.

"మరి ఈడ కూసుంటే ఎట్ల తెలుస్తది?" అని చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

3 సెప్టెంబరు

పొద్దుటి బస్సుకు చొప్పదండి వెళ్లాను. ఊరి చివర మట్టిగోడల ఇల్లు. గుమ్మంలో మూట కట్టి ఉంది. యాదవ్వ అన్న బండి కట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒక రోజు ఆలస్యమై ఉంటే ఆమె అక్కడ ఉండేది కాదు.

నన్ను చూసి కొమురెల్లి మంచం వాల్చాడు. బలమైన మనిషి, గోళ్లలో బొగ్గు. ఆసుపత్రి సారు వచ్చాడని లింగవ్వ నీళ్లు తెచ్చింది. బాలలక్ష్మి ఆమె చంకలోనే ఉంది. కుడికంటితో నా చొక్కా గుండీలు చూస్తోంది.

యాదవ్వే ముందు మాట్లాడింది. "సారూ, నువ్వన్న చెప్పు. నేనే జర చిక్కగ పోసిన కావచ్చు. పలుచగ పోస్తే గిట్ల కాకపోవునా?"

ఆమె అన్ని రోజులూ అదే అనుకుంటూ ఉంది. చిక్కగా కలిపానని.

నేను కూర్చోలేదు. "చిక్కదనంల ఏం లేదమ్మా. టోపి పెట్టుకున్న సారు నేనే. మంచిదే తీస్కపొమ్మన్నది నేనే. డబ్బ మీద పసిపిల్లలకు పొయ్యొద్దని రాసి ఉండె. సదివిన. సదివినంక గూడ చెప్పలే. ఆమె అబద్ధమాడలే కొమురెల్లీ. అడగాల్సినోన్నే అడిగింది."

కొమురెల్లి లేచాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. మెడ దగ్గర చొక్కా పట్టుకున్నాడు. తరువాత ఏమనుకున్నాడో వదిలేశాడు. "నోటి మాట ఎవడు నమ్ముతడు? రేపు కాదంటవు. కాయిదం మీద రాసియ్యి" అన్నాడు.

అరుగు మీద కూర్చుని రాశాను. ఆరోగ్యాధికారి తీయించిన పేరా నాకు కంఠతా వచ్చు. ఒక్క కొట్టివేత లేకుండా రాసి సంతకం పెట్టాను. ఇది కలెక్టరు దగ్గరికి పోతే నా ఉద్యోగం ఉండదని కొమురెల్లికి చెప్పాను. దాచి చెప్పడం ఇంక చేతకాలేదు. కాగితం అతనికి ఇవ్వబోయాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి యాదవ్వకు ఇచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు.

"సదువు సారూ" అని నా చేతికే తిరిగి ఇచ్చింది. "గట్టిగ సదువు. మా అత్తకు ఇనబడాలె."

చదివాను. నా పేరు, నా హోదా, ఫిబ్రవరి ఇరవై రెండు, కైలాసం దుకాణం, నీలం డబ్బా. దాని మీద రాసి ఉన్న ప్రతి మాటా తెలుగులో చెప్పాను. వెన్న తీసిన పాలు. పసిపిల్లలకు పనికిరాదు.  లింగవ్వ గోడకు ఆనుకుని విన్నది. చదవడం అయ్యాక వచ్చి, చంకలోని పిల్లను కోడలి చేతుల్లో పెట్టి లోపలికి పోయింది. అన్న లేచి బండి విప్పి ఎద్దులకు గడ్డి వేశాడు.

యాదవ్వ కాగితం మడిచి రొంటిన దోపుకుంది. పిల్ల ముఖం కొంగుతో తుడిచింది. నా వైపు చూసినప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాడిని.

"గింతసేపే పట్టె గద సారూ సదువుటానికి," అంది. "గా దినం గిట్లనే సదివి చెప్తే నా బిడ్డ కన్ను ఉంటుండె."

ఉండేదమ్మా అన్నాను.